పర్యావరణ ఇంజినీరింగ్, కన్సల్టెన్సీ రంగంలో మహిళలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇరవై ఏళ్లకు పైగా ఈ రంగంలో పనిచేస్తున్నాను. కాలేజీలకు మాట్లాడడానికి వెళ్లినప్పుడల్లా విద్యార్థినులూ, వాళ్లకంటే ఎక్కువగా వాళ్ల తల్లిదండ్రులూ అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. వాటికి నాకు తెలిసినంతలో, ఏదీ దాచకుండా ఇస్తున్న జవాబులు ఇవి. చట్టాలూ నిబంధనలూ భారతదేశానివి. ఉదాహరణలు ఎక్కువగా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లకు చెందినవి.

పర్యావరణ ఇంజినీరు చేసే పని ఏమిటి? కన్సల్టెంట్ చేసేదీ అదేనా?

తాగునీటిని శుద్ధి చేయడం, మురుగునీటినీ పరిశ్రమల వ్యర్థ జలాలనూ తిరిగి వాడుకోదగిన స్థితికి తేవడం, చిమ్నీల పొగలో దుమ్మునూ విష వాయువులనూ తగ్గించడం, చెత్తనూ ప్రమాదకర వ్యర్థాలనూ నేలకూ నీటికీ హాని లేకుండా వదిలించుకోవడం, ఇవన్నీ పర్యావరణ ఇంజినీరు పనులే. ఒకప్పుడు దీన్ని ప్రజారోగ్య ఇంజినీరింగ్ అనేవారు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) కూడా 1958లో ప్రజారోగ్య ఇంజినీరింగ్ పరిశోధన సంస్థగానే మొదలై, 1974లో ఇప్పటి పేరు తీసుకుంది. తాగునీటిలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో తగ్గించే పద్ధతిని రూపొందించింది ఆ సంస్థే. ఫ్లోరోసిస్‌తో ఎముకలు వంగిపోయిన మనుషులను తరాలుగా చూసిన నల్గొండ పేరే ఆ పద్ధతికి స్థిరపడింది. ఈ రంగం మనకు ఎంత దగ్గరిదో చెప్పడానికి నేను ముందుగా ఎంచుకునే ఉదాహరణ అదే.

కన్సల్టెంట్ ఆ పనిని ఫీజు తీసుకుని ఇతరుల కోసం చేస్తారు. ఒక ఫ్యాక్టరీకి పర్యావరణ అనుమతి కావాలన్నా, కాలుష్య నియంత్రణ మండలి నుంచి స్థాపనకు సీఎఫ్‌ఈ, నడపడానికి సీఎఫ్‌వో అనే సమ్మతి పత్రాలు కావాలన్నా, వ్యర్థ జలాల శుద్ధి కేంద్రం పనిచేయకుండా మొరాయించినా కన్సల్టెంటును పిలుస్తారు. ఇంజినీరు లెక్కలు కట్టి కేంద్రాన్ని నిర్మిస్తే, కన్సల్టెంట్ కొలిచి, అంచనా వేసి, సలహా చెప్పి, చివరికి ఒక నివేదిక మీద సంతకం పెడతారు. ఈ వృత్తిలో మన విలువ ఆ సంతకం విలువను మించి ఉండదు. కింది జవాబుల్లో చాలావాటికి మూలం ఆ మాటే.

ఏం చదవాలి?

సివిల్, కెమికల్ లేదా ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్‌లో బీటెక్ చేసి, ఆ తర్వాత పర్యావరణ ఇంజినీరింగ్‌లో ఎంటెక్ చేయడం మామూలు దారి. గేట్ పరీక్షలో 2021 నుంచి పర్యావరణ శాస్త్రం, ఇంజినీరింగ్‌కు విడిగా పేపరు ఉంది కాబట్టి సివిల్ పేపరు రాసి తీరాలన్న అవసరం ఇప్పుడు లేదు. ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్, కెమిస్ట్రీ, జియాలజీ, వృక్షశాస్త్రం చదివినవారికీ కన్సల్టెన్సీల్లో చోటుంది. ఒక ప్రాజెక్టు వల్ల పరిసరాలకు ఏం జరుగుతుందో ముందే చెప్పే ప్రభావ అంచనా నివేదికకు గాలి, నీరు, శబ్దం, భూగర్భ జలాలు, జీవవైవిధ్యం, సామాజిక ఆర్థిక స్థితిగతులు, ప్రమాద అంచనా వంటి ఒక్కో అంశానికి ఒక్కో నిపుణుడు అవసరమవుతారు. ఈ నిపుణులకూ వాళ్లు పనిచేసే సంస్థలకూ గుర్తింపునిచ్చే వ్యవస్థ భారత నాణ్యతా మండలి కింద ఉన్న నాబెట్.

చదువుతున్నప్పుడే ఒక మురుగునీటి శుద్ధి కేంద్రంలో నెల రోజులు గడపమని నా గట్టి సలహా. మురుగునీటిలోకి గాలి ఊదే ఏరేషన్ ట్యాంకు పక్కన నిలబడి, నురుగు తెల్లగా ఉందా, గోధుమ రంగులో ఉందా, వాసన మట్టి వాసనలా ఉందా, కుళ్లిన కోడిగుడ్డులా ఉందా అని చూసి సూక్ష్మజీవుల ఆరోగ్యం చెప్పగల ఆపరేటర్ మీకు నేర్పేది ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు.

ఆడపిల్లకు ఫీల్డ్ పని కుదురుతుందా?

తల్లిదండ్రులు అన్నిటికంటే ఎక్కువగా అడిగేది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

కుదురుతుంది. భారతదేశపు తొలి మహిళా ఇంజినీర్లలో ఒకరైన అయ్యలసోమయాజుల లలిత తెలుగు కుటుంబంలో పుట్టారు. పద్దెనిమిదేళ్లకే భర్తను కోల్పోయి, చేతిలో పసిపాపతో 1940ల తొలి ఏళ్లలో మద్రాసు గిండీ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ పూర్తి చేశారు. ఆ తర్వాత భాక్రా నంగల్ ప్రాజెక్టు జనరేటర్ల పనిలో కూడా పాలుపంచుకున్నారు. ఆమెకు దారి చూపడానికి ముందున్న వాళ్లెవరూ లేరు. ఇప్పటి అమ్మాయిలకు ఉన్నారు.

అయితే కష్టాలు లేవని చెప్పను. మొదటిది మరుగుదొడ్డి. గనుల దగ్గర, క్రషర్ల దగ్గర, నదీతీరాల్లో రోజంతా శాంపిళ్లు తీయాల్సి వచ్చినప్పుడు ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. మే నెల ఎండలో అలా మూడు రోజులు గడిపి, మూత్రనాళ ఇన్ఫెక్షన్‌తో ఆసుపత్రిలో చేరిన అనుభవం నాకుంది. అప్పటి నుంచి ఏ సైట్‌కు వెళ్లే ముందైనా క్లయింటుకు రాసే లేఖలో మరుగుదొడ్డి, విశ్రాంతి గది, తిరిగి రావడానికి వాహనం అనే మూడింటినీ పంపు, కరెంటు కనెక్షన్ వంటి సాంకేతిక అవసరాలతో కలిపే రాస్తున్నాను. విడిగా ప్రాధేయపడితే పక్కన పెడతారు, అవసరాల జాబితాలో రాస్తే ఏర్పాటు చేస్తారు.

రెండోది దుస్తులు. తిరిగే యంత్రాల దగ్గర చున్నీ ప్రాణాంతకం. చొక్కా, ప్యాంటు, బిగుతుగా ముడివేసిన జుట్టు, మీ పాదం కొలతకు సరిపోయే సేఫ్టీ బూట్లు ఉండాలి. మగవాళ్ల సైజు బూట్లు వేసుకుని చిమ్నీ నిచ్చెన ఎక్కవద్దు, ఎక్కమంటే నిరాకరించండి. చిమ్నీ మీద శాంపిల్ తీసే చోట గట్టి ప్లాట్‌ఫారం, కంచె, ఒంటికి సేఫ్టీ హార్నెస్ లేకపోతే మగవాళ్లయినా ఎక్కకూడదు.

మూడోది విష వాయువులు. మురుగునీటి సంపుల్లో, మ్యాన్‌హోళ్లలో హైడ్రోజన్ సల్ఫైడ్ చేరుతుంది. గాఢత పెరిగితే ముక్కు ఆ వాసనను పసిగట్టడమే మానేస్తుంది. వాసన పోయింది కదా అని దిగినవాళ్లు తిరిగి రాలేదు. గ్యాస్ డిటెక్టర్ చూపించేదాకా మూత దగ్గరికి వంగవద్దు, మనుషులను లోపలికి దించనివ్వవద్దు.

వేధింపుల విషయానికి వస్తే, పనిప్రదేశంలో లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతి సంస్థలోనూ అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండి తీరాలి. పని మీద వెళ్లిన సైట్, సంస్థ ఏర్పాటు చేసిన వాహనం కూడా ఆ చట్టం దృష్టిలో పనిప్రదేశాలే. ఉద్యోగంలో చేరిన రోజే ఆ కమిటీలో ఎవరెవరున్నారో అడిగి తెలుసుకోండి.

మొదటి రెండేళ్లు పని ఎలా ఉంటుంది?

ఎక్కువగా శాంపిళ్లతోనే గడుస్తుంది. ఈ పని చిన్నదని అనుకోవద్దు. నివేదికలోని ప్రతి అంకె పుట్టేది ఇక్కడే.

వాగు నీటిలో కరిగిన ప్రాణవాయువును కొలిచే పని తీసుకోండి. 300 మిల్లీలీటర్ల గాజు సీసాను గాలి బుడగ లేకుండా నింపి, గట్టు మీదే మాంగనస్ సల్ఫేట్, ఆ తర్వాత క్షార అయొడైడ్ ద్రావణం వేసి, మూత పెట్టి తలకిందులు చేసి కలుపుతాం. నీటిలో ప్రాణవాయువు ఉంటే గోధుమ రంగు అవక్షేపం మెల్లగా అడుగుకు దిగుతుంది. లేకపోతే అది తెల్లగా ఉండిపోతుంది. కాలుష్యానికి గురైన ఒక వాగులో, కొత్తగా చేరిన అమ్మాయి చేతిలోని సీసా తెల్లబడినప్పుడు, తానే ఏదో తప్పు చేశానని ఆమె మళ్లీ రెండుసార్లు తీసింది. మూడు సీసాలూ తెల్లగానే ఉన్నాయి. ఆ నీటిలో చేప బతకదన్న సంగతి ల్యాబ్ రిపోర్టు రాకముందే, గట్టు మీద నిలబడ్డ మా ఇద్దరికీ తెలిసిపోయింది.

మిగతా శాంపిళ్లకూ ఇలాంటి క్రమశిక్షణే అవసరం. లోహాల పరీక్షకు తీసిన నీటిలో నైట్రిక్ ఆమ్లం కలపాలి. నీటిలోని మలినాలను కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులకు ఎంత ప్రాణవాయువు కావాలో చెప్పే బీవోడీ పరీక్ష శాంపిల్‌ను ఐస్‌బాక్సులో పెట్టి వీలైనంత త్వరగా ల్యాబ్‌కు చేర్చాలి, దాన్ని 27 డిగ్రీల వద్ద మూడు రోజులు ఉంచి చూస్తారు. గాలిలో సన్నని దుమ్మును పట్టే ఫిల్టర్ కాగితాన్ని ముందూ తర్వాతా తేమ లేని చోట ఉంచి తూచాలి. వేలితో ముట్టుకుంటే ఆ తూకం పనికిరాదు.

పర్యావరణ ప్రభావ అంచనా ఎన్ని దశల్లో జరుగుతుంది?

2006 సెప్టెంబర్ 14న వెలువడిన కేంద్ర నోటిఫికేషనే దీనికి ఆధారం. పెద్ద ప్రాజెక్టులు ‘ఏ’ (A) కేటగిరీ కిందికి వచ్చి ఢిల్లీలోని కేంద్ర పర్యావరణ శాఖకు వెళతాయి, ‘బీ’ (B) కేటగిరీ ప్రాజెక్టులను రాష్ట్ర స్థాయి సంస్థ చూస్తుంది. ఏయే అంశాలు అధ్యయనం చేయాలో ముందు నిర్ణయిస్తారు. సాధారణంగా పది కిలోమీటర్ల వ్యాసార్ధంలో, వర్షాకాలం కాని ఒక సీజన్ పాటు గాలి, నీరు, నేల, శబ్దం, జీవజాలం వివరాలు సేకరిస్తాం. గాలి విషయంలో వారానికి రెండు రోజుల చొప్పున పన్నెండు వారాలు కొలవడం అలవాటు. ఆ తర్వాత ముసాయిదా నివేదిక, ప్రజాభిప్రాయ సేకరణ, చివరికి నిపుణుల కమిటీ పరిశీలన.

ప్రమాద అంచనా అధ్యాయాన్ని చాలామంది పాత నివేదికల నుంచి తెచ్చి అతికిస్తారు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలో ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీ నిల్వ ట్యాంకు నుంచి స్టైరిన్ అనే రసాయనం ఆవిరి ఊళ్ల మీదికి వచ్చి పన్నెండు మంది చనిపోయారు. ఆ తర్వాత ఆ అధ్యాయాన్ని మామూలు తంతుగా రాయడం నా దృష్టిలో క్షమించరానిది. ట్యాంకు ఎంత దూరంలో ఉంది, గాలి రాత్రిపూట ఎటు వీస్తుంది, అటువైపు ఎన్ని ఇళ్లున్నాయి అన్నది అక్కడికి వెళ్లి చూసిన మనిషే రాయాలి.

కన్సల్టెంటుకు డబ్బిచ్చేది కంపెనీయే కదా, నివేదిక నిజాయతీగా ఎలా ఉంటుంది?

ఈ ప్రశ్న న్యాయమైనది. ప్రాజెక్టు కావాలనుకునేవాళ్లే దాని ప్రభావాన్ని అంచనా వేసేవాళ్లకు ఫీజు చెల్లించడం ఈ వ్యవస్థలోని మౌలిక లోపమని నేనూ నమ్ముతాను. మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లాలో ప్రతిపాదించిన ఒక బాక్సైట్ గని నివేదికలో రష్యాలోని గని నివేదిక నుంచి భాగాలకు భాగాలు ఎత్తిరాశారని బయటపడింది. కొంకణ తీరంలో పెరగని చలిదేశపు చెట్ల పేర్లు అందులో కనిపించాయి. అంకెలు తప్పుదోవ పట్టించేవని తేలితే దరఖాస్తును తిరస్కరించే, ఇచ్చిన అనుమతినీ రద్దు చేసే వీలు నోటిఫికేషన్‌లో ఉంది. కానీ చట్టం ఎప్పుడో పట్టుకుంటుందన్న భయం కంటే, మన బల్ల దగ్గర మనం తీసుకునే నిర్ణయమే ముందు వస్తుంది.

నా ఉద్యోగం నాలుగో ఏట ఒక ప్రాజెక్టు దగ్గరి ఊళ్లో ఎనిమిది బోర్ల నీరు పరీక్షించాం. ఒక బోరులో ఫ్లోరైడ్ లీటరుకు 2.1 మిల్లీగ్రాములు వచ్చింది. భారతీయ ప్రమాణం ప్రకారం 1 మిల్లీగ్రాము మేలు, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు మాత్రమే సహిస్తారు. ఆ బోరును వదిలి పక్క బోరు చూపమని క్లయింటు తరఫున ఒత్తిడి వచ్చింది. ఆ ఫ్లోరైడ్ ఫ్యాక్టరీ వల్ల వచ్చింది కాదు, ఆ నేలలోని రాయి నుంచి వచ్చినదే. ఫ్యాక్టరీ ఇంకా కట్టనే లేదు. అయినా రేపు ఎవరైనా తమ మీద వేస్తారన్నది వాళ్ల భయం. నేను మళ్లీ వెళ్లి శాంపిల్ తీశాను, అదే అంకె వచ్చింది. ముందే ఉన్న ఫ్లోరైడ్‌ను ముందే రాసిపెట్టడం వాళ్లకే రక్షణ అని వివరించాను. నివేదికలో ఆ బోరు ఉంది. ఆ క్లయింటు తర్వాతి పని మాకు ఇవ్వలేదు. ఆ ఏడాది నాకు జీతం కూడా పెరగలేదు. అయినా నివేదికలోని ఏ పేజీ మీద ఎవరు వేలు పెట్టి అడిగినా జవాబు చెప్పగలిగే స్థితిలో ఉన్నాను.

కొలతల విలువ ఎంతదో హైదరాబాద్ దగ్గర మందుల ఫ్యాక్టరీలున్న పటాన్‌చెరు చెబుతుంది. అక్కడి ఉమ్మడి వ్యర్థ జలాల శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని 2007లో ఒక అధ్యయనం ప్రచురితమైంది. అప్పటిదాకా మన పరీక్షల్లో బీవోడీ, మలినాలను రసాయనంతో ఆక్సీకరించి కొలిచే సీవోడీ, లవణాలు ఉండేవి తప్ప మందుల కోసం ఎవరూ వెతికేవారు కాదు. నక్కవాగు ఒడ్డున ఉన్న ఊళ్లవాళ్లు మాత్రం ఆ నీటి గురించి ఎన్నో ఏళ్లుగా మొత్తుకుంటూనే ఉన్నారు.

ఈ పనిలో మహిళ ఉండడం వల్ల ప్రత్యేకంగా తేడా ఏమైనా ఉంటుందా?

ఉంటుంది. సామాజిక సర్వేకు మగవాళ్ల బృందం వెళితే ఊరి రచ్చబండ దగ్గర కూర్చుని సర్పంచ్‌తో, రైతులతో మాట్లాడి వస్తుంది. నేను వెళితే వంటింటిదాకా రానిస్తారు. ‘ఈ బోరు నీళ్లతో పప్పు ఉడకదమ్మా, టీ పెడితే పాలు విరిగిపోతాయి’ అని ఒక ఇంటావిడ చెప్పింది. బిందె అడుగున గట్టిపడిన తెల్లటి పొలుసును గోటితో గీకి చూపించింది. మేము ఎంచుకున్న బోర్ల జాబితాలో ఆ వీధి బోరు లేదు. దాన్ని చేర్చి పరీక్షిస్తే నీటి కాఠిన్యం ఆ ఊళ్లో అన్నిటికంటే ఎక్కువగా తేలింది. నీళ్లు మోసేదీ, వాటితో వండేదీ, వాటితో బట్టలుతికేదీ ఆడవాళ్లు కాబట్టి నీటి గురించి ఊళ్లో అందరికంటే ఎక్కువ తెలిసినవాళ్లు వాళ్లే. వాళ్లను అడగని నివేదికను అసంపూర్ణమనే అంటాను.

ప్రజాభిప్రాయ సేకరణలోనూ ఇదే కనిపిస్తుంది. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇచ్చి, కలెక్టర్ లేదా ఆయన తరఫున అధికారి అధ్యక్షతన, ప్రాజెక్టు ప్రాంతంలోనే సభ జరపాలి. వీడియో తీయాలి. మైకు ముందుకు వచ్చేవాళ్లలో ఆడవాళ్లు తక్కువ, టెంటు వెనక వరుసల్లో నిలబడేవాళ్లలో ఎక్కువ. మా బృందం సభకు రెండు రోజుల ముందే స్వయం సహాయక సంఘాల మహిళలను కలిసి, రాతపూర్వకంగా కూడా అభిప్రాయం ఇవ్వవచ్చని చెబుతుంది.

ఇక్కడే తెలుగు గురించి ఒక మాట. నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలోనూ ఇవ్వాలని నిబంధన. ఆ తెలుగు సారాంశాల్లో ‘పరివేష్టిత వాయు గుణాత్మకత’, ‘కణరూప ద్రవ్యము’ వంటి మాటలు చూస్తే బాధ కలుగుతుంది. ‘చుట్టుపక్కల గాలి’, ‘ఊపిరితిత్తుల్లోకి పోయే సన్నని దుమ్ము’ అని రాస్తే చదివినవాళ్లకు అర్థమవుతుంది, ప్రశ్నించగలుగుతారు. ఇంజినీరింగ్ చదివే తెలుగు అమ్మాయిలు మంచి తెలుగు రాయడం కూడా నేర్చుకోవాలని నేను పట్టుబట్టేది అందుకే.

గర్భంతో ఉన్నప్పుడు, పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు ఎలా?

ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో మొదటి ఇద్దరు పిల్లల విషయంలో 26 వారాల వేతనంతో కూడిన ప్రసూతి సెలవు వచ్చింది. 50 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం కూడా ఉండాలి. అయితే కన్సల్టెన్సీల్లో చాలావరకు పదిహేను ఇరవై మందితో నడిచే సంస్థలే కాబట్టి, ఆ రెండో సౌకర్యం కాగితం మీదే మిగిలిపోతుంది.

గర్భం అని తెలిసిన వెంటనే పై అధికారికి చెప్పండి. సీవోడీ పరీక్షలో పాదరసం సమ్మేళనం, డైక్రోమేట్ వాడతారు, ల్యాబ్‌లో ద్రావకాల ఆవిర్లు ఉంటాయి. వాటికి దూరంగా ఉండాలి. ఆ నెలల్లో పొగ గాలిలో ఎటు, ఎంత వ్యాపిస్తుందో కంప్యూటర్‌లో లెక్కగట్టే గాలి మోడలింగ్, నివేదికల రచన, శుద్ధి కేంద్రాల డిజైన్ చేతిలోకి తీసుకోవచ్చు. నా బృందంలోని ఇద్దరు గాలి మోడలింగ్‌లో నిపుణులైంది వాళ్ల మొదటి కాన్పు సమయంలోనే.

జీతం సాఫ్ట్‌వేర్‌తో పోలిస్తే?

మొదట్లో తక్కువే. చిన్న కన్సల్టెన్సీల్లో బాగా తక్కువ. నాబెట్ గుర్తింపు వచ్చాక, లేదా ఒక రంగంలో పట్టు సాధించాక మెరుగుపడుతుంది. ఈ సంగతి ముందే తెలిసి రావడం మంచిది.

పీసీబీ ఉద్యోగమా, కన్సల్టెన్సీయా, కంపెనీలో పర్యావరణ విభాగమా?

కాలుష్య నియంత్రణ మండలిలో అసిస్టెంట్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీర్ ఉద్యోగానికి స్థిరత్వం, అధికారం ఉంటాయి. నోటిఫికేషన్లు మాత్రం అరుదుగా వస్తాయి. ఫార్మా, సిమెంటు, విద్యుత్ కంపెనీల్లో ఒకే ప్లాంటును లోతుగా నేర్చుకుంటారు. కన్సల్టెన్సీలో ఏడాదిలో పది రకాల పరిశ్రమలు చూస్తారు. కాబట్టి మొదటి మూడు నాలుగేళ్లు కన్సల్టెన్సీలో పనిచేసి, ఆ తర్వాత నిర్ణయించుకోమంటాను.

అమెరికాలో ఎంఎస్ చేసి అక్కడే ఈ వృత్తిలో స్థిరపడవచ్చా?

మన అమ్మాయిలు చాలామంది ఆ దారిలో ఉన్నారు. లైసెన్సుకు తొలి మెట్టయిన ఎఫ్‌ఈ (ఫండమెంటల్స్ ఆఫ్ ఇంజినీరింగ్) పరీక్షను చదువు చివర్లోనే రాయడం మంచిది. సాధారణంగా నాలుగేళ్ల అనుభవం తర్వాత పీఈ (ప్రొఫెషనల్ ఇంజినీర్) లైసెన్సు పరీక్ష ఉంటుంది. ఆ లైసెన్సు ఉన్నవాళ్లే డ్రాయింగుల మీద ముద్ర వేయగలరు. కన్సల్టెన్సీల్లో కొత్తవారికి ముందుగా దొరికేది తరచుగా ఫేజ్ వన్ సైట్ అసెస్‌మెంట్. స్థలం కొనే ముందు అక్కడ గతంలో పెట్రోల్ బంకు ఉందా, డ్రై క్లీనింగ్ దుకాణం ఉందా అని పాత మ్యాపులు, ఫొటోలు, రికార్డులు తిరగేసి తేల్చే పని ఇది. కలుషితమైన స్థలాన్ని శుభ్రం చేసే బాధ్యతను కొత్త యజమాని మీద కూడా మోపగలిగే 1980 నాటి సూపర్‌ఫండ్ చట్టం నుంచి ఈ పనికి గిరాకీ పుట్టింది. ప్రమాదకర వ్యర్థాలున్న సైట్లలో అడుగుపెట్టాలంటే 40 గంటల భద్రతా శిక్షణ, ఏటా 8 గంటల పునశ్చరణ తప్పనిసరి.

మొదటి రోజు ఫీల్డ్‌కు వెళ్లేటప్పుడు వెంట ఏం ఉండాలి?

గట్టి అట్ట ఉన్న నోట్‌బుక్, పెన్సిల్. వానలో తడిసినా పెన్సిల్ రాత చెదరదు. తేదీ, సమయం, జీపీఎస్ అంకెలు, గాలి దిశ, ఆకాశం ఎలా ఉంది, బోరు ఎవరిది, ఎంత లోతు, ఎంతసేపు పంపు నడిపాక నీరు పట్టారు, నీటి రంగు, వాసన, పక్కన పశువుల కొట్టం ఉందా, పేడకుప్ప ఉందా, శాంపిల్ తీస్తుంటే చూడడానికి వచ్చినవాళ్లు ఏమన్నారు, అన్నీ అక్కడే నిలబడి రాయండి. తప్పు రాస్తే రబ్బరుతో చెరపవద్దు, ఒక్క గీత కొట్టి పక్కన సరైనది రాసి పొట్టి సంతకం పెట్టండి. గదికి వచ్చాక గుర్తు తెచ్చుకుని రాసినదాన్ని ఆ పేజీలో కలపవద్దు, వేరే పేజీలో ‘తర్వాత రాసినది’ అని శీర్షిక పెట్టి రాయండి. నా పాత నోట్‌బుక్‌లోని ఆ ఎనిమిది బోర్ల పేజీలను ఇప్పటికీ కొత్తగా చేరినవాళ్లకు తెరిచి చూపిస్తాను. ఆరో బోరు దగ్గర 2.1 అంకె పక్కన మళ్లీ శాంపిల్ తీసిన తేదీ, నా పొట్టి సంతకం ఉంటాయి.